దారి చీలే చోటు: తెలుగునాట ఉన్నత పాఠశాల విద్యార్థుల వృత్తి ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పదిహేనేళ్ల వయసులో విద్యార్థి తన చదువునూ, దాని ద్వారా బ్రతుకుతెరువునూ ఎంచుకోవలసి రావడం ఆధునిక విద్యావ్యవస్థ సృష్టించిన స్థితి. 1882 నాటి హంటర్ కమిషన్ మొదలు 2020 జాతీయ విద్యావిధానం వరకు ఈ ఎంపిక జరిగే చోటు పలుమార్లు మారింది. ఎంపికలో విద్యార్థికి తోడ్పడే వ్యక్తిని బడిలో నియమించాలన్న సిఫారసులూ వచ్చాయి. అయితే చోటు మారిన ప్రతిసారీ తోడు వెనుకబడిపోయిందని, ఇంటర్మీడియెట్ జూనియర్ కళాశాలలకు చేరడంతో తెలుగునాట ఈ ఎడం స్థిరపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వృత్తి మార్గదర్శనం, మాధ్యమిక విద్య, మొదలియార్ కమిషన్, కొఠారి కమిషన్, ఇంటర్మీడియెట్, గ్రూపు.

1. ఉపోద్ఘాతం

'ఉద్యోగం' అన్న సంస్కృతపదానికి పూనిక, ప్రయత్నం అని అర్థం. భారతంలోని ఉద్యోగపర్వానికి ఆ పేరు ఈ అర్థంలోనే వచ్చింది. ఆధునిక తెలుగులో అదే మాట నెలజీతపు కొలువుకు పేరైంది. 'వృత్తి' అన్న మాటకు జీవనోపాధి అన్న అర్థం ఉన్నా, వాడుకలో అది 'కులవృత్తి', 'చేతివృత్తి' అన్న సమాసాలకే ఎక్కువగా అంటిపెట్టుకొని ఉండిపోయింది. స్థూలంగా చెప్పాలంటే, ఇంటినుంచి సంక్రమించేది వృత్తి, బడి చదువు సంపాదించిపెట్టేది ఉద్యోగం. మనిషి తనను తాను తరచి చూసుకొని ఎంచుకొనేది అన్న అర్థఛాయ ఈ రెండింటిలోనూ బలంగా లేదు. 'కెరీర్' అన్న ఆంగ్లపదానికి స్థిరపడిన తెలుగు మాట ఇప్పటికీ ఏర్పడకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. దినపత్రికల విద్యాపుటలు 'ప్రతిభ' అనో, 'భవిత' అనో పేర్లు పెట్టుకున్నాయి తప్ప, ఎంపిక అన్న భావాన్ని శీర్షికకు ఎక్కించలేదు.

ఈ లోటు కేవలం పదజాలానిది కాదు. తెలుగు విద్యార్థి జీవితంలో ఎంపిక అనే క్షణం ఎప్పుడు పుట్టింది, ఎక్కడ జరిగేది, ఆ క్షణాన పక్కన ఎవరుండేవారు అన్నవి విద్యాచరిత్ర అడగవలసిన ప్రశ్నలు. విద్యాకమిషన్ల నివేదికలను పాఠ్యప్రణాళికల చరిత్రగా చదవడం పరిపాటి. ఈ మూడు ప్రశ్నల వైపునుంచి చదివితే అవి వేరే కథ చెబుతాయి.

2. తోడు దొరికినవారు

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఆంగ్ల విద్య పొందిన తెలుగు యువకుని ముందున్న దారులు వేళ్లమీద లెక్కపెట్టదగినవి. కచేరీలో గుమాస్తాగిరీ, ప్లీడరీ, బడిపంతులు పని – ఇంచుమించు ఇంతే. ఈ కొద్ది దారుల మధ్యనైనా ఎంపిక ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ఆత్మకథలు మేలైన ఆధారాలు.

కందుకూరి వీరేశలింగం 'స్వీయచరిత్రము' ఈ విషయంలో విలువైనది. ప్రభుత్వ కొలువులో లంచం తప్పదని ఆయన గ్రహించారు. న్యాయవాద వృత్తిలో అబద్ధం తప్పదని ఆ దారినీ వదులుకున్నారు. అటువంటి దోషాలకు తావు తక్కువని ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. ఈ నిర్ణయం నైతిక నిష్ఠకు నిదర్శనంగా తరచు ప్రస్తావనకు వస్తుంది. దానిలోని తర్కక్రమం మాత్రం అంతగా చర్చకు రాలేదు. తన స్వభావమేమిటో తెలుసుకోవడం, ఒక్కొక్క పని లోపలి తీరు ఎలాంటిదో విచారించడం, ఆ రెండింటినీ సరిపోల్చి తీర్పు చేసుకోవడం – ఈ మూడు మెట్లూ అందులో ఉన్నాయి. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో వృత్తి మార్గదర్శక కేంద్రాన్ని నెలకొల్పిన ఫ్రాంక్ పార్సన్స్, తన మరణానంతరం 1909లో వెలువడిన గ్రంథంలో వృత్తి ఎంపికకు చెప్పిన మూడు అంశాలూ ఇవే. వృత్తి మార్గదర్శనమనే శాస్త్రానికి ఆద్యునిగా లోకం పార్సన్స్‌నే గుర్తిస్తుంది. ఆ విచారణ రాజమహేంద్రవరపు యువకునికి అంతకు కొన్ని దశాబ్దాల ముందే స్వయంగా సాధ్యమైంది. అయితే వీరేశలింగం వంటి ఆత్మవిచారం అందరికీ పట్టుబడేది కాదు. పార్సన్స్ విశిష్టత ఆ మూడు మెట్లను కనిపెట్టడంలో లేదు, వాటిని ఎక్కించడానికి ఒక మనిషినీ ఒక స్థలాన్నీ ఏర్పాటు చేయడంలో ఉంది.

టంగుటూరి ప్రకాశం ఉదంతం మరో తీరుది. తండ్రి చిన్ననాడే గతించారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లలను సాకారు. ఆ స్థితిలో ఉన్న బాలుణ్ణి చేరదీసి, చదువుకు ఆసరా ఇచ్చి, రాజమహేంద్రవరానికి తన వెంట తీసుకువెళ్లినవారు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు. ఆయన మిషన్ పాఠశాల ఉపాధ్యాయుడు, నాటకాల అభిమాని. ప్రకాశం ప్లీడరై, ఆపై బారిస్టరై, రాష్ట్ర ముఖ్యమంత్రి కావడం వెనుక ఆ ఉపాధ్యాయుని ఆదరం ఉంది. 'నా జీవితయాత్ర' చదివినవారికి ఆ కృతజ్ఞత ఎంత గాఢమైనదో తెలుసు. ఇక్కడ గమనించవలసిందొకటి ఉంది. హనుమంతరావు నాయుడు చేసిన పని ఆయన విధి కాదు. ఆయన ఒంగోలులో లేకపోయినా, నాటకాలలో ఆ బాలుడు ఆయన కంట పడకపోయినా, ఆ పని చేయవలసిన వారు వేరొకరు లేరు.

గురజాడ 'కన్యాశుల్కం'లో ఇదే సంబంధపు వికటరూపం కనిపిస్తుంది. పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవుల్లో చదువు చెప్పే నెపంతో గిరీశం అగ్రహారానికి బయలుదేరుతాడు. ఇంగ్లీషు చదువు లోకంలో ఏ దారికి చేరుస్తుందో తెలియని తల్లిదండ్రులు, తెలుసునని నటించే మధ్యవర్తి, వారిద్దరి నడుమ నోరు లేని విద్యార్థి – ఈ త్రయం తెలుగు సాహిత్యంలోకి ఎంత తొందరగా వచ్చిందో చూడదగినది. దారి చూపేవాడు బడిలో లేని చోట గిరీశానికి గిరాకీ ఉంటుంది.

3. మార్గదర్శనమా, మళ్లింపా?

1882 హంటర్ కమిషన్ ఉన్నత పాఠశాల పై తరగతులలో రెండు శాఖలను సూచించింది. ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశానికి, రెండవది వాణిజ్యాది లౌకిక వ్యవహారాలకు. బడిలో దారి చీలడమన్న ఆలోచనకు భారతదేశంలో ఇదే అధికారికమైన ఆరంభం. చీలికను సూచించినంత స్పష్టంగా, ఏ విద్యార్థి ఎటు వెళ్లాలో తేల్చే పద్ధతిని ఆ నివేదిక సూచించలేదు. ఆచరణలో రెండవ శాఖ ఎక్కడా బలపడలేదు. మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్టే అటు కాలేజీకీ ఇటు కచేరీకీ తాళంచెవి అయినప్పుడు, దాన్ని ఇవ్వని శాఖలో పిల్లవాణ్ణి ఏ తండ్రి చేరుస్తాడు? ఈ ప్రశ్నలోని లోకజ్ఞానం తరువాతి నివేదికలకు కూడా అంతగా పట్టలేదు.

మద్రాసు రాజధానిలో 1911లో వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి. పథకం దీన్ని కొంత సవరించజూసింది. విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష స్థానంలో బడి ముగింపు ధ్రువపత్రం వచ్చింది. ఒక్క పరీక్ష మార్కులతో సరిపెట్టక, బడిలో విద్యార్థి సాగించిన చదువు వివరాలనూ ఆ పుస్తకంలో నమోదు చేసే ఏర్పాటు ఉండేది. పాఠ్యాంశాల వర్గీకరణకు 'గ్రూపు' అన్న మాట తెలుగు విద్యార్థుల నోట నలగడం ఇటువంటి పథకాలతోనూ, మద్రాసు విశ్వవిద్యాలయపు పాత ఇంటర్మీడియెట్‌తోనూ మొదలైంది.

హైదరాబాదు సంస్థానంలోని తెలుగు విద్యార్థికి ఈ చీలికకు ముందే మరొక చీలిక ఎదురయ్యేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. భారతీయ భాషలో ఉన్నతవిద్యను అందించిన సాహసంగా ఆ విశ్వవిద్యాలయానికి చరిత్రలో గౌరవస్థానం ఉంది. ఇంట తెలుగు మాట్లాడే పల్లె బాలునికి మాత్రం ఏ కొలువు అన్న ప్రశ్నకంటే ముందు ఏ భాష అన్న ప్రశ్న తేలవలసి వచ్చేది. తెలంగాణలో వృత్తి ఎంపిక చరిత్రను కోస్తా జిల్లాల చరిత్రకు అనుబంధంగా రాయడం కుదరదనడానికి ఈ ఒక్క అంశం చాలు.

1929 హార్టాగ్ కమిటీ మిడిల్ దశ ముగిసేసరికి ఎక్కువమంది బాలురను పారిశ్రామిక, వాణిజ్య రంగాలకు మళ్లించాలన్నది. 1934 నాటి సప్రూ కమిటీ చదువుకున్న నిరుద్యోగులను చూసి కలవరపడి, మాధ్యమిక దశలో విభిన్న కోర్సులు కావాలన్నది. 1937 నాటి అబ్బట్–వుడ్ నివేదికా, 1944 నాటి సార్జెంట్ నివేదికా అదే బాటలో నడిచాయి. ఈ నివేదికలన్నింటి కీలకక్రియ 'మళ్లించడం'. కాలేజీల ముందు గుమికూడుతున్నవారిని వేరే వైపు పంపడం పాలకుల అవసరం. విద్యార్థికి ఏది తగినదన్నది ఆ అవసరానికి లోబడిన ప్రశ్న. చేతిపని శాఖ అంటే తక్కువ శాఖ అన్న భావం తల్లిదండ్రుల అజ్ఞానంనుంచి పుట్టిందని అనడం అన్యాయం. ఆ శాఖను రూపొందించిన ఉద్దేశంలోనే అది ఇమిడి ఉంది.

మళ్లింపు తర్కం ఏ అంచుకు చేరగలదో 1953లో తేలింది. మద్రాసు ముఖ్యమంత్రి చక్రవర్తుల రాజగోపాలాచారి గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో రోజుకు కొన్ని గంటలే చదువు ఉండేలా, మిగిలిన పొద్దు పిల్లలు తల్లిదండ్రుల పనిని నేర్చుకొనేలా ఒక పథకాన్ని ప్రవేశపెట్టారు. కులవృత్తి విద్యాపథకమని దానిపై తీవ్ర నిరసన లేచింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక దాన్ని ఉపసంహరించారు. అది ఉన్నత పాఠశాలకు సంబంధించిన పథకం కాదు. అయినా వృత్తి ఎంపిక చరిత్రలో దాన్ని వదిలివేయడానికి వీల్లేదు. పుట్టుకే దారి చూపుతుందన్న పాత ఏర్పాటు, విద్యాసంస్కరణ రూపంలో బడిలోకి తిరిగి రావడానికి చేసిన ప్రయత్నమది. ఆ నిరసనకారులు అడిగినది, సారాంశంలో, ఎంచుకొనే హక్కు.

4. కెరీర్ మాస్టర్ అనే ప్రతిపాదన

అదే 1953లో, మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన మాధ్యమిక విద్యా కమిషన్ తన నివేదికను సమర్పించింది. బహుళార్థ సాధక పాఠశాలలు, ఏడు శాఖలు – మానవీయ శాస్త్రాలు, విజ్ఞానశాస్త్రాలు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం – ఈ కమిషన్ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేవి. మార్గదర్శనానికి అది ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్నే కేటాయించిందన్న సంగతికి అంత ప్రచారం లేదు.

ఆ అధ్యాయంలోని సూచనలు ఆశ్చర్యం కలిగించేంత నిర్దిష్టమైనవి. అన్ని విద్యాసంస్థలకూ క్రమంగా శిక్షణ పొందిన మార్గదర్శక అధికారులూ, కెరీర్ మాస్టర్లూ అందుబాటులోకి రావాలి. వారి శిక్షణకు కేంద్రప్రభుత్వం వివిధ ప్రాంతాలలో కేంద్రాలు తెరవాలి. వివిధ పరిశ్రమలలో పని ఎలా సాగుతుందో చూపే చలనచిత్రాలు తీసి విద్యార్థులకు ప్రదర్శించాలి, దానికి తోడు ఆ పనిచోట్లకు స్వయంగా తీసుకువెళ్లాలి. ఏడు దారులు తెరిచినప్పుడు, వాటిలో ఏది తనదో పద్నాలుగేళ్ల పిల్లవాడు ఊహతో తేల్చుకోలేడని కమిషన్ గుర్తించింది. హనుమంతరావు నాయుడు ఆదరంతో చేసిన పనిని బడి తన విధిగా చేపట్టాలన్నదే, ఒక రకంగా, కెరీర్ మాస్టర్ అన్న భావన.

సన్నాహాలు కొన్ని జరగకపోలేదు. 1954లో ఢిల్లీలో కేంద్ర విద్యా, వృత్తి మార్గదర్శక సంస్థ ఏర్పడింది. శివరావు కమిటీ సిఫారసులను అనుసరించి రెండవ పంచవర్ష ప్రణాళికా కాలంలో ఉపాధి కల్పనా కార్యాలయాలలో వృత్తి మార్గదర్శక విభాగాలు మొదలయ్యాయి. అయితే ఆ కార్యాలయం ఉన్నది జిల్లాకేంద్రంలో. అక్కడికి వెళ్లేవారిలో ఎక్కువమంది బడి ముగించి పేరు నమోదుకు బారులు తీరేవారు. వారికి ఎంపిక అప్పటికే ముగిసిన ముచ్చట. బహుళార్థ సాధక పాఠశాలలు ఆంధ్రప్రదేశ్‌లోనూ వెలిశాయి. ప్రయోగశాలలకూ పనిశాలలకూ గదులు కట్టడం సాధ్యమైనంతగా, ప్రతి బడిలో శిక్షణ పొందిన మార్గదర్శకుణ్ణి నిలపడం సాధ్యం కాలేదు. కట్టడానికి నిధులిచ్చే వ్యవస్థ మాట్లాడే మనిషికి జీతమివ్వడానికి వెనుకాడడం మన విద్యాచరిత్రలో కొత్త విషయమేమీ కాదు.

ఏడు శాఖలలో గృహవిజ్ఞానం ఎవరిని ఉద్దేశించిందో చెప్పనక్కరలేదు. బాలికల వరకు ఎంపిక పేరున ఇంటినే మళ్లీ చూపించిన శాఖ అది. ఇందుకు భిన్నంగా, 1937లో మద్రాసులో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేసింది. పరీక్షతోపాటు చేతిపనులలోనూ, కాలక్రమంలో నర్సింగు, ఉపాధ్యాయ వృత్తులలోనూ శిక్షణకు ఏర్పాట్లు చేసింది. చదువూ దాని తరువాతి బ్రతుకుదారీ ఒకే ఆవరణలో కనిపించిన సంస్థలు తెలుగువారికి తక్కువ. వాటిలో ఇది ముందువరుసలో నిలుస్తుంది.

5. బడి దాటిన చీలిక

1964–66 కొఠారి కమిషన్ తొందరపాటు చీలికను తిరస్కరించింది. పదేళ్లు అందరికీ ఉమ్మడి విద్య, ఆ తరువాతే ప్రత్యేకీకరణ అన్నది. మార్గదర్శనం విద్యలో అంతర్భాగమనీ, అది ప్రాథమిక దశనుంచే మొదలుకావాలనీ చెప్పింది. వాస్తవ పరిస్థితి తెలిసిన కమిషన్ గనుక, పది ఉన్నత పాఠశాలలకు ఒక సంచార సలహాదారు, జిల్లాకు ఒక బడిలోనైనా సమగ్ర కార్యక్రమం చాలునని ఆశను కుదించుకుంది. ప్రతి బడికీ ఒకరు అన్న 1953 నాటి ఆశ 1966 నాటికి పది బడులకు ఒకరుగా మారింది.

పది, ఆపై రెండు, ఆపై మూడు అన్న పద్ధతిని ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందుగా చేపట్టిన రాష్ట్రాలలో ఒకటి. 1969–70లో మార్పు మొదలైంది. 1971లో ఇంటర్మీడియెట్ విద్యామండలి ఏర్పడింది. అనేక రాష్ట్రాలలో ఆ రెండేళ్లు ఉన్నత పాఠశాలలోనే పదకొండు, పన్నెండు తరగతులయ్యాయి. తెలుగునాట అవి జూనియర్ కళాశాలలయ్యాయి. పరిపాలనాపరమైన ఈ తేడాను విద్యాచరిత్రకారులు చిన్నదిగానే చూశారు. వృత్తి ఎంపిక కోణంనుంచి చూస్తే గత అర్ధశతాబ్దిలో ఇంతకంటె పెద్ద మార్పు లేదు.

మొదలియార్ ఊహించిన చీలిక బడిలోపలిది. తొమ్మిదో తరగతిలో శాఖను ఎంచుకున్న విద్యార్థి మరుసటి రోజు కూడా అదే బడికి వస్తాడు. అతని లెక్కల పంతులుకు అతని తెలివీ, తెలుగు పంతులుకు అతని అభిరుచీ, ఊరివారికి అతని ఇంటి స్థితీ తెలుసు. ఎంపిక తప్పయితే అడిగేవారుంటారు. జూనియర్ కళాశాల పద్ధతిలో చీలిక ఖచ్చితంగా రెండు సంస్థల మధ్య పడింది. పదో తరగతి పరీక్ష రాయగానే ఉన్నత పాఠశాల బాధ్యత తీరుతుంది. అతణ్ణి ఎరిగిన ఉపాధ్యాయులకు అతని గ్రూపుతో పని లేదు. గ్రూపు ఇచ్చే కళాశాలకు అతని గురించి తెలిసింది మార్కుల జాబితా ఒక్కటే. కెరీర్ మాస్టర్‌ను నియమించి ఉన్నా, ఈ పద్ధతిలో ఆయన కూర్చోవలసిన కుర్చీ ఎక్కడ వేయాలో తేలదు.

6. వేసవి రెండు నెలలు

పరీక్షలకూ కళాశాల ప్రవేశాలకూ మధ్య వేసవి ఉంది. ఏ సంస్థకూ చెందని ఈ కాలంలోనే తెలుగు విద్యార్థి ఎంపిక జరుగుతుంది. 1986లో ఎంసెట్ ప్రారంభమయ్యాక ఇంటర్మీడియెట్‌లో ఏ గ్రూపు అన్న ప్రశ్న ఇంజనీరింగా, మెడిసినా అన్న ప్రశ్నగా మారింది. ఎం.పి.సి., బై.పి.సి. అన్న పొడి అక్షరాలు పాఠ్యాంశాల సంక్షిప్తరూపాలుగా కాక, పిల్లల మేధస్సుకూ కుటుంబాల అంతస్తుకూ కొలతలుగా వాడుకలోకి వచ్చాయి. "సీఈసీ తీసుకున్నాడు" అన్న వాక్యాన్ని తెలుగునాట ఏ స్వరంలో పలుకుతారో అధ్యాపకులకు తెలియనిది కాదు. 'తీసుకోవడం' అన్న క్రియ కర్తృత్వాన్ని విద్యార్థికే అంటగడుతుంది. ఇచ్చినవారెవరో ఆ వాక్యం చెప్పదు.

అదే 1986లో జాతీయ విద్యావిధానం, హయ్యర్ సెకండరీ విద్యార్థులలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం మంది వృత్తివిద్యా కోర్సులలో చేరాలని లక్ష్యం పెట్టింది. దేశస్థాయిలో ఆ లక్ష్యం నెరవేరలేదు. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండింటిలో ఎంసెట్ విద్యార్థులను తనవైపు లాగింది, రెండవది వారిని మళ్లించజూసింది. ఏది గెలిచిందో తెలిసినదే.

ఖాళీగా ఉన్న ఆ వేసవి ఎక్కువకాలం ఖాళీగా ఉండలేదు. ప్రైవేటు కళాశాలల ప్రచార ప్రతినిధులు – వాడుకలో పీఆర్వోలు – ఇంటింటికీ తిరగడం తెలుగు పట్టణాలలోనూ పల్లెలలోనూ వేసవి ఆనవాయితీ అయింది. రుసుములో రాయితీ, హాస్టలు వసతి, ర్యాంకుల పట్టిక వారి చేతిలోని పత్రాలు. పిల్లవానికి ఏది ఇష్టమన్న ప్రశ్న ఆ పత్రాలలో లేదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి: కూలి పనికి వెళ్లే తండ్రి గడప తొక్కి, అతని కొడుకు చదువు గురించి అరగంట మాట్లాడే మనిషి ఆ పీఆర్వో ఒక్కడే. ప్రభుత్వ వ్యవస్థ తరఫున ఆ గడపకు వెళ్లవలసినవాడు పది బడులకు ఒకడుగా కూడా మిగలలేదు. చదువుకున్న కుటుంబాలలో మేనమామో, పిన్నో, విదేశంలో ఉన్న అన్నయ్యో ఆ పని చేస్తారు. బడిగడప మొదటిసారి తొక్కిన కుటుంబానికి ఆ బంధుబలగం లేదు. అందరికీ సమానంగా కనిపించే ఎంపిక అందరికీ సమానం కాకుండా పోయేది ఈ రెండు నెలలలోనే.

2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం గ్రామీణ విద్యార్థులకు ఈ వేసవిని వేరే విధంగా తప్పించింది. పదో తరగతి ప్రతిభ ఆధారంగా ఆరేళ్ల సమీకృత ఇంజనీరింగు విద్యలో ప్రవేశం కల్పించింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలు వేలాది పేద కుటుంబాలకు తెరిచిన తలుపులు. ఈ మేలును గుర్తిస్తూనే, పదిహేనేళ్లకే ఇంజనీరింగు ఖాయమయ్యే ఏర్పాటులో దారి వెతుక్కోవడానికి చోటు ఇంకా కుదించుకుపోయిందన్న సంగతినీ గుర్తించాలి.

7. ఒకే ఆవరణ

2020 జాతీయ విద్యావిధానం తొమ్మిదినుంచి పన్నెండు వరకు తరగతులను ఒకే మాధ్యమిక దశగా కూర్చింది. కళలకూ శాస్త్రాలకూ, విద్యావిషయాలకూ వృత్తివిషయాలకూ మధ్య గట్టి గోడలు ఉండరాదన్నది. జూనియర్ కళాశాల పద్ధతి వేళ్లూనుకున్న తెలుగు రాష్ట్రాలకు ఇది ఇతర రాష్ట్రాలకంటె పెద్ద ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో బాలికలకు 'హైస్కూల్ ప్లస్' పేరిట ఇంటర్మీడియెట్ తరగతులు మొదలు కావడాన్ని ఈ నేపథ్యంలో పరిశీలించాలి.

ఇంతకంటె ముందునుంచీ ఉన్న నమూనా సాంఘిక సంక్షేమ గురుకులాలది. రెండు రాష్ట్రాలలోనూ అయిదో తరగతిలో చేరిన దళిత విద్యార్థిని అదే వ్యవస్థలో, అనేక చోట్ల అదే ఆవరణలో, ఇంటర్మీడియెట్ వరకు సాగే వీలుంది. ఆమె గ్రూపు తేలే వేసవిలో ఆమెను ఆరేళ్లుగా ఎరిగిన ఉపాధ్యాయులు అందుబాటులోనే ఉంటారు. బోధన, క్రమశిక్షణ, ఫలితాల దృష్టితో గురుకులాలపై పరిశోధనలు సాగుతున్నాయి. పదో తరగతి ముగిసినప్పుడు అక్కడి పిల్లలు గ్రూపును ఎలా ఎంచుకుంటున్నారు, ఆ ఎంపికలో ఏ ఉపాధ్యాయురాలి మాట పనిచేస్తున్నది, బయటి జూనియర్ కళాశాలలో చేరిన వారికంటె వారి ఎంపిక ఏ మేరకు భిన్నంగా ఉంటున్నది అన్నవి ఆ ఉపాధ్యాయుల, పూర్వవిద్యార్థుల మౌఖిక కథనాలను సేకరించి పరిశీలించవలసిన అంశాలు.